పొద్దున్నే నక్క ముఖం

మా అపార్ట్‌మెంటు వెనక గోడకు ఒక కంత ఉండేది. దాని అవతల కొన్ని ఎకరాల బండరాళ్ళు, తుమ్మ చెట్లు, సీతాఫలం పొదలు, వానాకాలం మాత్రం నిండే ఒక కుంట. వారసులెవరో కోర్టులో కొట్టుకుంటున్నారు కాబట్టి మిగిలిన భూమి అది. మణికొండలో అడవిని కాపాడేది కోర్టు కేసు ఒక్కటే. ఆ బండల సందుల్లో ఒక నక్కల జంట కాపురం ఉండేది.

మాది ఐదో అంతస్తు. ఇంటి నుంచి పని చేసే రోజుల్లో, మీటింగులో నా వంతు వచ్చేదాకా బాల్కనీలో కూర్చుని వాటినే చూసేదాన్ని. మగది పందికొక్కును నోట కరుచుకుని వచ్చి, ఆడదాని ముందు పడేసి, తను దూరంగా కూర్చునేది. రేగుపళ్ళ కాలంలో రెండూ పొదల కింద పళ్ళు ఏరుకు తినేవి. రోడ్డు మీద అంబులెన్సు మోగితే చాలు, పిల్లలతో సహా అన్నీ మూతులు పైకెత్తి కూసేవి. జిత్తులమారి అనీ, గుంటనక్క అనీ, నక్క వినయాలనీ మనం వాటిని ఎన్ని తిట్లు తిడతాం! నేను చూసినంతలో అవి ఏ జిత్తులూ వేయలేదు. అసలు జిత్తులు చూడాలంటే మా ఆఫీసులో అప్రైజల్ నెలలో చూడాలి.

మన భాషలో నక్కకు దక్కిన మంచి మాట ఒక్కటే. అదృష్టం కలిసొచ్చినవాణ్ణి నక్క తోక తొక్కి వచ్చాడంటాం. ఆ మంచి మాటే వాటి కొంప ముంచింది.

కింది అంతస్తులో భీమవరం వైపు నుంచి వచ్చిన దంపతులు ఉంటారు. ఆయన రిటైరైన ప్రభుత్వోద్యోగి. నాకు బాబాయిగారు, ఆవిడ పిన్నిగారు. ఒకరోజు పొద్దున బాబాయిగారు వెనక గోడ పక్క మొక్కలకు నీళ్ళు పోస్తుంటే కంతలోంచి ఆడనక్క తల పెట్టి చూసిందట. ఆ మధ్యాహ్నమే వాళ్ళమ్మాయికి గచ్చిబౌలిలో ఉద్యోగం ఖాయమైంది. ఆయన ఆ మాట లిఫ్టులో అందరికీ చెప్పారు. మరో వారానికి రెండో అంతస్తు అబ్బాయి కూడా నక్కను చూసి వెళ్ళి ఇంటర్వ్యూలో గట్టెక్కాడు. ఇక చూడాలి మావాళ్ళ భక్తి!

తోక తొక్కడం ఎలాగూ కుదరదు కనుక, పొద్దున్నే ముఖం చూస్తే చాలని బాబాయిగారే సడలింపు ఇచ్చారు. ఆఫీసు బస్సు ఎక్కేవాళ్ళు మెడలో ఐడీ కార్డులతో కంత దగ్గర నిలబడేవాళ్ళు. నక్క వేళకు రావాలి కదా, అందుకని అన్నం పెట్టడం మొదలైంది. తర్వాత కోడి ఎముకలు, ఆదివారం మిగిలిన బిర్యానీ. కొన్నాళ్ళకు అది పిలిస్తే వచ్చే స్థితికి చేరింది.

మా అమ్మకు ఇది బొత్తిగా నచ్చలేదు. అమ్మది శంకర్‌పల్లి దగ్గరి ఊరు. చిన్నప్పుడు పుచ్చకాయల చేనుకు కావలి ఉన్న మనిషి.

"నక్కకు బిర్యానీ ఏందే? గీ బువ్వకు మరిగినంక అది ఎలుకను పడ్తదా? మనిషంటె భయం పోయిన నక్క ఎన్నొద్దులు బతుకుతది బిడ్డా?" అంది.

అమ్మ అన్నట్టే అయింది. సెల్లారులో పందికొక్కులు పెరిగి కార్ల వైర్లు కొరికేశాయి. ఎముకల కోసం వీధికుక్కలు చేరి నక్కలతో కొట్లాటకు దిగాయి. ఒక సాయంత్రం ఆడనక్క పార్కులోకి వచ్చి, ఆడుకుంటున్న పాప చేతిలోంచి కేకు ముక్క లాక్కుపోయింది. పాపకు గోరు కూడా తగల్లేదు. కానీ నిన్నటిదాకా చేతులు జోడించినవాళ్ళే ఆ రాత్రి అసోసియేషన్ మీటింగులో బోను తెప్పించి పట్టించేయాలన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తల్లిని ఎత్తుకుపోతే బండల్లో పిల్లలేం కావాలి? ఇంటర్వ్యూలకు మాత్రం దేవత కావాలా అని అందరి మీదా అరిచేశాను. చివరికి ఒక్క వారం గడువిచ్చారు. ఆ తర్వాత కూడా లోపలికి వస్తే బోనే.

కంత పూడ్చాం. అయినా నక్క వెనక గేటు పక్క సందులోంచి వచ్చింది. అప్పుడు అమ్మ పొరుగువాళ్ళందరినీ పిలిచి చెప్పింది.

"మా చేను కాడ డబ్బాలు కొట్టెటోళ్ళం. రాళ్ళేసుడు లేదు, చంపుడు లేదు. మీరు భయపెట్టుండ్రి. భయపడితెనే అది బతుకుతది."

కరోనా రోజుల నుంచీ పళ్ళాలు కొట్టడం మావాళ్ళకు కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు. పొద్దున పూట వంతులు వేసుకుని గేటు దగ్గర కాపలా పెట్టాం. నక్క రోజూ వస్తూనే ఉంది. చప్పుడుకు కాస్త వెనక్కి తగ్గి, మళ్ళీ ఆగి, ఆశగా చూసేది.

గడువులో ఆఖరి రోజు బాబాయిగారి వంతు. సరిగ్గా ఆ రోజే పిన్నిగారి రిపోర్టు రావాలి. రొమ్ములో గడ్డ ఉంటే ముక్క తీసి పరీక్షకు పంపారు. వాళ్ళను దవాఖానకు తీసుకెళ్ళాల్సింది నేనే. కారు తాళాలతో కిందికి దిగేసరికి, ఆయన ఒక చేత పళ్ళెం, మరో చేత గరిటెతో గేటు దగ్గర నిలబడి ఉన్నారు. నక్క వచ్చేసింది. వెనక ఒక పిల్ల కూడా ఉంది. చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. నన్ను ఆయన చూడలేదు.

ఆయన కొట్టరనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, కొట్టకూడదనే కోరుకున్నాను. ఇంతమందికి ఉద్యోగాలిచ్చిన ముఖం, ఆయన ఆ ఒక్క పొద్దున తృప్తిగా చూసుకుంటే తప్పేమిటి?

బాబాయిగారు ముఖం గోడవైపు తిప్పుకుని పళ్ళెం మీద గట్టిగా కొట్టారు. నక్క కదల్లేదు. అన్నం పెట్టిన చెయ్యి కదా, నమ్మలేదు. అప్పుడాయన ఉరికి, నేల మీద కాళ్ళు తపతపా కొడుతూ, పళ్ళెం మోగిస్తూ, "పో! పోవే తల్లీ! పట్టుకుపోతారే, పో!" అని అరిచారు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. పిల్ల ముందు పరుగెత్తింది, తల్లి దాని వెనకే సందులోంచి దూరి బండల్లోకి పారిపోయింది.

కారు కొండాపూర్ దగ్గర సిగ్నల్లో ఆగినప్పుడు పిన్నిగారు మెల్లగా అడిగారు.

"ఏమండీ, ఇవాళ కనబడిందా?"

"ముఖం చూడలేదే. అటు తిరిగి కొట్టేశాను. పారిపోతుంటే తోక కనబడింది, అంతే."

"ఇంకేమండీ! పెద్దవాళ్ళు చెప్పింది తోకే కదా. ముఖం సంగతి మీరు కల్పించిందేగా."

ఆయన నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే కండువా కళ్ళకు అడ్డం పెట్టుకున్నారు.

గడ్డ చెడ్డదేనని తేలింది. ఆపరేషన్ అయింది, ఇప్పుడు మందులు ఎక్కిస్తున్నారు. జుట్టు ఊడిపోయిందని పిన్నిగారు దిగులుపడరు కానీ, కూరలో ఉప్పు తెలియడం లేదని మాత్రం విసుక్కుంటారు. నక్కలు మళ్ళీ గేటు దాకా రాలేదు, బోనూ రాలేదు. సెల్లారులో పందికొక్కులు కూడా తగ్గుతున్నాయి.

మొన్న సాయంత్రం నేను వాళ్ళింట్లో ఉండగా రోడ్డు మీద అంబులెన్సు మోగింది. పిన్నిగారు టీవీ గొంతు నొక్కేసి చెవి పెట్టారు. బండల అవతలి నుంచి ఒకటి, ఆపైన అన్నీ కలిసి కూశాయి.

"ఉన్నాయండీ," అన్నారావిడ.

"ఉన్నాయే," అన్నారాయన, గుమ్మం పక్కన పెట్టుకున్న సొట్టల పళ్ళెం వైపు చూస్తూ.