బాగేపల్లి టెంటులో బతికొచ్చే హీరో

"నాయనా, హీరో సచ్చిపాయ కదా, ఇంగ రాడా?"

"ఏడ్సొద్దు తల్లీ, వచ్చే వారం బాగేపల్లి టెంటులో బతికొస్తాడు సూడు."

నాయనతో నేను ఆడిన కడపటి మాటలవి. కెంచార్లహళ్ళి టెంటులో సినిమా చూసి, ఆయన భుజం మీద ఇంటికొస్తున్నాను. ఆ కత్తియుద్ధాల హీరో అంటే మా ఇద్దరికీ ప్రాణం. మర్నాడు శెనక్కాయ చేన్లో పాము కరిచి నాయన పోయాడు. అందరూ ఏడ్చారు, నేను ఏడవలేదు. మామను పోరి బాగేపల్లి టెంటుకు పోయాను. హీరో గుర్రమెక్కి వచ్చేశాడు. జనం ఈలలు వేస్తుంటే నేను తెరకు వీపు పెట్టి, నాయన కోసం గేటు వైపే చూస్తూ కూర్చున్నాను.

ఇందాక నీ ఫోన్లో ఆ పాత సినిమా వస్తే, ఆ గుర్రాన్ని చూడగానే ఇదంతా గుర్తొచ్చింది. మీ తాత పోయిన రోజు మాత్రం నేను ఏ గేటు వైపూ చూడలేదు.

నేను చెప్తే నువ్వు రాసింది సదువు మనవరాలా. నాయన మాట్లాడిన కాడి నుంచి సదువు.