నాలుగు వేళ్ల లెక్క

మా మనవరాలు ఏదో పోటీ పరీక్షకు చదువుతోంది. నిన్న పొద్దున కాఫీ తాగుతూ పుస్తకంలోని ప్రశ్న ఒకటి పైకి చదువుకుంది. ఒక సంఖ్య వర్గం ఆ సంఖ్య కంటే పెద్దదట. అంతమాత్రాన ఆ సంఖ్య ఒకటి కంటే పెద్దదని తేల్చెయ్యొచ్చా, ఇచ్చిన సమాచారం చాలునా చాలదా అని. ఒళ్లో ఉన్న నా కుడిచేతి నడిమి వేలు దానంతటదే ముడుచుకుంది. చాలదు అన్నాను. ఫిఫ్త్ ఫారంతో, అంటే ఇప్పటి పదో తరగతితో, చదువు మానేసిన ముసలిదాన్ని నేను. పిల్ల జవాబుల పేజీ తిప్పి చూసి, మళ్లీ నన్ను చూసింది.

ఆ వేళ్ల విద్య మా బావది. బావంటే అక్క మొగుడు, కడపలో ఒక హైస్కూల్లో లెక్కల అయ్యవారు, అదీ టెంపరరీగా. మా ఊళ్లో అయిదో తరగతి పైన బడి లేదని నన్ను వాళ్లింట్లో పెట్టారు. ఆయన క్లాసులో ఏ ప్రశ్నకైనా మూడు జవాబులు: అవును, కాదు, చాలదు. నోరు తెరిచే ముందు నాలుగు వేళ్లనూ అడగాలి. చూపుడు వేలు రెండు, నడిమిది అర, ఉంగరం వేలు మైనస్ అర, చిటికెన వేలు మైనస్ రెండు. ఇచ్చిన షరతు కుదరని వేలిని ముడిచెయ్యాలి. నిలబడ్డ వేళ్లు తలో మాట చెబితే సమాచారం చాలదు. అన్నీ ఒకే మాట చెబితే అప్పుడు కూర్చుని రుజువు రాసుకోవాలి. ఈ జబ్బు ఇంట్లోకీ పాకింది. సాయంత్రం వాన పడుతుందా, వడియాలు తీసెయ్యనా అని అక్క అడిగితే, బావ మబ్బు వంక చూసి ఆ సమాచారం చాలదనేవాడు. అక్కకు ఒళ్లు మండేది.

ఆ ఏడాది ఇన్‌స్పెక్టరు వస్తున్నాడన్నారు. ఆయన బాగుందని రాస్తే బావ ఉద్యోగం పర్మనెంటు. రాయకపోతే కడపలో కాపురం లేదు, కాపురం లేకపోతే నాకు చదువు లేదు. అక్క చెంబులో నిప్పులు పోసి బావ కోటును రెండుసార్లు ఇస్త్రీ చేసింది. వచ్చినాయన బోర్డు మీద సరిగ్గా ఈ లెక్కే రాశాడు. క్లాసంతా చేతులు పైకెత్తి వేళ్లు ముడవడం మొదలుపెట్టింది. ఇంత పెద్దపిల్లలు ఇంకా వేళ్ల మీద లెక్కపెడతారా అని ఆయన మొహం చిట్లించి, ముందు బెంచీలో ఉన్న నన్ను లేపాడు. నా చేతిలో నడిమి వేలొక్కటే ముడుచుకుని ఉంది. చిటికెన వేలు నిటారుగా నిలబడి ఉంది. ఆయనకు ఏ జవాబు కావాలో మొహం చూస్తేనే తెలుస్తోంది. చేతిని ఓణీ చాటుకు లాక్కుని, "ఔను సార్, ఒకటి కంటే పెద్దదే" అన్నాను.

ఆయన తృప్తిగా పెన్ను తీశాడు. కిటికీ పక్కన నిలబడ్డ బావ గొంతు పెంచకుండానే, "తప్పు. మైనస్ రెండును అడగల్యా నువ్వు. కూచో" అన్నాడు.

మైనస్‌ల ఊసు నేనెత్తలేదే అన్నాడు ఇన్‌స్పెక్టరు. వద్దని కూడా చెప్పలేదు కదా సార్ అన్నాడు బావ, వినయంగానే. పిల్లలు వేళ్ల మీద లెక్కపెడుతున్నారని రిపోర్టులో రాసిపోయాడట ఆ మహానుభావుడు.

రెండు నెలలకు బావకు కోయిలకుంట్ల దగ్గర చిన్న బడిలో పని దొరికింది. నేను మా ఊరికి. సామాన్లు కట్టే రోజు అక్క బావతో, "ఆ ఇన్‌స్పెక్టరాయప్ప ఔనన్నప్పుడు నువ్వు గమ్మునుంటే ఏం పోతాండె? పిల్ల సదువు పాయె" అంది. బావ నా పుస్తకాలు తాడేసి కట్టి చేతికిస్తూ, "ఒక వేలు మర్సిపోయినావు, అంతే. శానామంది మర్సిపోతారు. దిగులు పడొద్దు" అన్నాడు.

నాకు కడుపు మండిపోయింది. మర్చిపోలేదు, నా చదువు కోసం తెలిసే అబద్ధం చెప్పాను, నువ్వే పాడు చేశావు అని మొహం మీద అనాలనుకున్నాను. అనలేదు. ఆ కోపం పదేళ్లు ఉండింది. తర్వాత పోయింది గానీ మాట లోపలే ఉండిపోయింది. కిటికీ పక్కనుంచి నా చెయ్యి ఆయనకు కనబడే ఉంటుందని ఒక్కోసారి అనుకుంటాను.

ఎట్లా చెప్పావవ్వా అని మనవరాలు పట్టుబడితే నాలుగు వేళ్లూ నేర్పాను. బావ పోయి ముప్పై ఏళ్లు దాటింది. ఆ రోజు నా చిటికెన వేలు నిలబడే ఉండిందని ఆయనతో చెప్పడానికి, అంతకు ముందు నలభై ఏళ్లు నా చేతిలో ఉండినాయి.