అక్క చెయ్యి అందేంత ఎత్తు

మా బావ వడ్రంగి. వరసకి నేను ఆయన బామ్మర్దిని, పనికి టేపు రెండో కొస పట్టుకునేవాణ్ణి. ఇరవై రెండేళ్ళుగా ఆ కొస వదల్లేదు, తిట్లూ తప్పలేదు.

ఎవరింటికి అల్మరా కొలతలకి వెళ్ళినా బావ ముందు టేపు తియ్యడు. ఇంట్లో అందరికన్నా పొట్టివాళ్ళని పిలవమంటాడు. గోడవైపు తిప్పి నిలబెట్టి "చెయ్యెత్తండి" అంటాడు. వేళ్ళు ఎక్కడిదాకా వెళితే అక్కడ పెన్సిల్ గీత, దానికి జానెడు కిందుగా బట్టల రాడ్డు. తక్కిన లెక్కలన్నీ ఆ తర్వాతే. లోతు మాత్రం రెండడుగులు ఉండాల్సిందే, అంగుళం తగ్గినా తలుపు వేస్తే చొక్కా భుజం నలుగుతుంది. "అల్మరా గోడకి కాదండీ, మనిషికి" అని ఇంటివాళ్ళకి పాఠం కూడా చెబుతాడు. వినేవాళ్ళు దొరికితే వాళ్ళిచ్చిన టీ చల్లారేదాకా చెబుతాడు.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టు, సొంతింట్లో మాత్రం అల్మరా లేదు. మా అక్క బట్టలు ముప్పై ఏళ్ళుగా మంచం కింద రేకు పెట్టెలోనే. అడిగినప్పుడల్లా "ఈ ఇల్లొకటి అయిపోనీ, తర్వాత చూద్దాం" అనేవాడు. ఒకరి ఇల్లు అయ్యేసరికి ఇంకొకరిది. అక్క పని ఇస్త్రీ దుకాణంలో. పగలంతా ఊళ్ళోవాళ్ళ బట్టలు నలగకుండా హ్యాంగర్లకి తగిలించి, ఇంటికొచ్చి తనవి పెట్టెలో కుక్కుకునేది. ఆవిడకి కోపం రాదా అంటే వచ్చేది. వంటింట్లో గిన్నెలకి తెలుసు.

కిందటి నెల బావ మనసు ఎందుకో కరిగింది. ఓ ఇంట్లో మంచి చెక్క మిగిలింది, అంతకన్నా గొప్ప కారణమేం లేదు. "మన పడగ్గదిలో కట్టేద్దాం, రారా" అన్నాడు.

నేను వెళ్ళగానే అక్క వంటింట్లోకి పిలిచి కుడిచెయ్యి ఎత్తి చూపించింది. భుజం దాకా వచ్చి ఆగిపోయింది. ఏడాదిగా ఇలా మొరాయిస్తోందట.

"బావకి చెప్పావా?"

"లేదు. నువ్వూ చెప్పకు, నా మీద ఒట్టు. అల్మరా పూర్తయ్యేదాకా నోరు మెదిపావంటే ఊరుకోను. కొలతప్పుడు ఎడమ చెయ్యి ఎత్తుతానులే."

ఏ చెయ్యీ ఎత్తే పని పడలేదు. బావ అసలు అక్కని పిలవనే లేదు. పెళ్ళయిన కొత్తలో వంటింట్లో తాను కొట్టిన పై అరకి టేపు పెట్టి చూశాడు. "దీన్ని మీ అక్క చెయ్యి చూసే పెట్టాను. మళ్ళీ కొలవడమెందుకు? ముప్పై ఏళ్ళు కాపురం చేశాను, ఆ మాత్రం తెలీదా" అన్నాడు. ఆ అర ఖాళీగా ఉంది. గిన్నెలన్నీ ఎప్పుడో కిందికి దిగిపోయాయి. ఆయన టేపు మీద అంకె చూశాడు గాని అర చూడలేదు. నాకు ఒళ్ళు మండింది, ఆయన మీదా, ఒట్టుకి కట్టుబడ్డ నా మీదా.

అయిదడుగుల ఎనిమిది అంగుళాల ఎత్తున రాడ్డు బిగించాడు. తలుపులు వేలితో తోస్తే చాలు, మూసుకుంటాయి. పనికి వంక పెట్టడానికి లేదు.

వారం తర్వాత భోజనానికి వెళితే ఇంట్లో మాటల్లేవు. బావ అల్మరా బార్లా తెరిచి చూపించాడు. రాడ్డుకి ఆయన చొక్కాలే వేలాడుతున్నాయి.

"ఇన్నేళ్ళు నా ప్రాణం తీసింది. తీరా కడితే ఒక్క గుడ్డా పెట్టలేదు. ఇంకా ఆ పెట్టే కావాలట. నా పని అంత నచ్చలేదా?"

అల్మరా పూర్తయింది కాబట్టి ఒట్టు తీరిందనుకున్నాను. "ఆ రాడ్డు అక్కకి అందదు బావా. కుడిచెయ్యి భుజం దాటి లేవడం లేదు. ఏడాదైంది."

బావ అక్కవైపు తిరిగాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ముందు చెయ్యి చూపిద్దాం, అల్మరా సంగతి తర్వాత అనేవారు" అంది అక్క. "నేనింక ఆగలేను."

అలాగే అనేవాడని ముగ్గురికీ తెలుసు.

ఆయన స్క్రూడ్రైవర్ తెచ్చాడు. అక్క అల్మరా ముందు నిలబడి చెయ్యి లేచినంత ఎత్తింది. అక్కడ గీత గీసి రాడ్డు దించాడు. అక్క ఒక హ్యాంగర్ తగిలించి, తీసి చూసుకుంది.

"ఇంకో నాలుగంగుళాలు దించండి."

"అందుతోందిగా?"

"ఇవాళ అందుతోంది. పోయిన నెల ఇంతకన్నా పైకి లేచేది."

బావ విప్పి మళ్ళీ బిగించాడు. అక్క పెట్టె బయటికి లాగి తన బట్టలన్నీ ఒక్కొక్కటే తగిలించుకుంది. సాయం చెయ్యబోతే వద్దంది. ఆఖరి గుడ్డ తగిలించేదాకా బావ పక్కనే నిలబడ్డాడు. అప్పుడు, ఆసుపత్రి పొద్దున ఎన్నింటికి తెరుస్తారని నన్ను అడిగాడు.