పద్నాలుగు సూదులు

మా యారాలికి టైఫాయిడ్ అని తేలిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. యారాలంటే మా ఆయన అన్న భార్య. సాతంరాయిలో ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద పదకొండేళ్ళుగా వేగుతున్నాం. ఆమె ఇంట్లో వండుతుంది. నేను శంషాబాద్‌లో ఒక డాక్టరు దగ్గర సూదులు వేసే పని చేస్తాను. ఆమె మంచాన పడితే ఏడుగురి వంట నా నెత్తిన పడుతుంది. పొద్దున వండి డ్యూటీకి పోవాలి, సాయంత్రం వచ్చి మళ్ళీ పొయ్యి ముట్టించాలి. ఆమె ఒళ్ళు కాలిపోతుంటే నేను ఆ పూటలు లెక్కపెట్టుకున్నాను.

మా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. "పొద్దుగాల్నే పౌడర్ కొట్టుకొని పోతది దొరసాని" అని నా మొహం మీదే అంటుంది. నేనూ తక్కువ తినలేదు. ఆమె కూర బాగున్నా సరే, కంచంలో కొంచెం వదిలేసి లేచేదాన్ని.

మా డాక్టరు పొట్ట స్కాన్ తీసి, రోజుకొక సూది చొప్పున ఏడు రోజులు రాశారు. సెలైన్‌లో కలిపి మెల్లగా ఎక్కించాలి. నేనే ఉన్నాను కాబట్టి ఇంట్లోనే వేయమన్నారు.

మా వైపు జనానికి గోలీల మీద నమ్మకం లేదు. దవాఖానలో కాలు పెట్టినవాడు కూర్చోకముందే చొక్కా చేయి పైకి మడుస్తాడు. సూది వేయని డాక్టరును డాక్టరనే అనరు. వాళ్ళను చూసి ఎన్నిసార్లు నవ్వుకున్నానో. తీరా నా అవసరం వచ్చేసరికి నేనూ వాళ్ళలాగే ఆలోచించాను. ఒక సూది వారంలో తగ్గించే జ్వరాన్ని రెండు సూదులు నాలుగు రోజుల్లో తగ్గించవా? పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేయడం మొదలుపెట్టాను. మందుల షాపువాడు తెలిసినవాడే, చీటీ అడగలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పినా వద్దనేవాళ్ళు లేరు.

దానికి తోడు పస్తులు. లంఖణం పరమౌషధం అని మా అత్త రోజుకు పదిసార్లు అనేది. టైఫాయిడ్‌లో అన్నం పెడితే పేగుకు చిల్లు పడుతుందని ఆమె భయం. పూటకు ఇంత జావ తేట, రెండు బిస్కట్లు.

"చెల్లె, జర పెరుగన్నం పెట్టవే. కండ్లు తిరుగుతున్నయి" అని యారాలు నన్ను బతిమాలేది.

"జ్వరం తిరగబెడితే నువ్వు చేస్తవా వంట? మూసుకొని పండు" అనేదాన్ని.

మెత్తటి అన్నం పెట్టమని డాక్టరు చెప్పిన సంగతి నాకు గుర్తుంది. అయినా ఆ నోరు నన్ను బతిమాలుతుంటే నాకు హాయిగా ఉండేది. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఉండేది.

నాలుగో రోజుకు జ్వరం దిగింది. నా తెలివికి నేనే మురిసిపోయి, మిగిలిన మూడు రోజులూ రెండేసి వేసి ముగించాను. తర్వాత రెండు రోజులకు ఆమె లేచి పొయ్యి దగ్గరికి వచ్చింది. పదో రోజున కుడి డొక్క పట్టుకుని కూలబడింది. తిన్నదంతా వాంతి చేసుకుంది.

"జ్వరం పోయింది, ఇగ వేషాలు మొదలైనయి" అన్నాను, ఆమెకు వినబడేలాగే.

మూడు రోజులు అట్లా అంటూనే ఉన్నాను. మూడో రోజు ఆమె గోడకు తల కొట్టుకుని ఏడుస్తుంటే మా బావ, అంటే ఆమె భర్త, ఎయిర్‌పోర్టు ట్రిప్పు వదిలేసి వచ్చి తన క్యాబులోనే షాద్‌నగర్ దారిలో ఉన్న ఒక ఆసుపత్రికి తీసుకుపోయాడు. మందుల సంగతి తెలిసినదాన్నని నన్నూ ఎక్కమన్నాడు. స్కానింగులో పిత్తాశయం నిండా రాళ్ళు కనిపించాయి.

"ఈమధ్య ఇంజెక్షన్లు ఏమైనా వాడారా?" అని అడిగాడు అక్కడి సర్జను.

బావ నా వైపు చూశాడు.

"జ్వరానికి గోలీలు మింగింది సార్" అన్నాను. అబద్ధం ఆడుతున్నానని నాకే అనిపించనంత సులువుగా వచ్చింది ఆ మాట. సూదుల సంగతి తెలిసినా, నేనేదో ఆలోచించే అన్నాననుకుని బావ అడ్డు రాలేదు. వారంలో ఆపరేషన్ చేసి తీసేద్దామని సర్జను రాసిచ్చాడు.

"మీ సార్‌ను గూడ ఒకసారి అడుగు చెల్లె" అన్నాడు బావ. మరునాడు రిపోర్టు మా డాక్టరు ముందు పెట్టాను. ఆయన దాన్ని రెండుసార్లు చూశారు.

"జ్వరం మొదట్ల మనం తీసిన స్కాన్‌ల పిత్తం తిత్తి సాఫుగుండె. రెండు వారాలల్ల గిన్ని రాళ్ళెట్ల పుడ్తయి? గిది మనం ఏసిన సూది పనే. ఆ మందు కొందరికి పిత్తంల పేరుకొని రాళ్ళ లెక్క కనిపిస్తది. డోసు ఎక్కువైనా, కడుపు మాడినా ఇంకింత పేరుకుంటది. ఎన్ని ఏసినవ్?"

"ఏడు సార్."

"తిండి?"

"మంచిగనే తిన్నది సార్."

"మరి గింత ఎందుకైంది?" అని తల గోక్కున్నారు. "సరే, కామెర్లు లేవు, జ్వరం లేదు. సూది బంద్ చేస్తే చానామందికి దానంతటదే కరుగుతది. కోతకు తొందర పడొద్దని చెప్పు. నెలాగి మళ్ళ స్కాన్ తీద్దాం. నొప్పి ఎక్కువైతే నా దగ్గరికి పట్కరా."

చెబుదామనే ఇంటికి బయలుదేరాను. దారి పొడవునా అదే ఆలోచన. సూది వల్లే వచ్చాయంటే ఎన్ని సూదులని అడుగుతారు. బావ పోయి డాక్టరును అడుగుతాడు, డాక్టరు షాపువాణ్ణి అడుగుతారు. నా కొలువు పోతుంది. శంషాబాద్‌లో మళ్ళీ ఎవరూ నన్ను సూది ముట్టుకోనివ్వరు. ఇల్లు చేరేసరికి నా భయమే గెలిచింది.

యారాలు మంచం మీద ముడుచుకుని ఉంది. పదకొండేళ్ళలో మొదటిసారి నా చెయ్యి పట్టుకుంది.

"చెల్లె, ఆపరేషన్ చేపిచ్చుకోకుంటే నడ్వదా? నాకు కోతంటే భయమే. సార్ ఏమన్నడు?"

"సార్ గూడ తీపియ్యమన్నడు. ఉంచుకుంటే లోపల్నే పగుల్తదంట" అన్నాను.

ఆమె చెయ్యి వదిలేసి గోడవైపు తిరిగి పడుకుంది. నేను పోయి బియ్యం కడిగాను.

ఆపరేషన్ అయ్యాక సర్జను తలుపు దగ్గరికి బావను పిలిచి, స్టీలు పళ్ళెంలో తీసిన తిత్తిని చూపించాడు. మా దగ్గర అట్లా చూపిస్తేనే నిజంగా తీశారని నమ్ముతారు. అది కోసి ఉంది. లోపల పచ్చటి బురద, ఇంత ఇసుక. రాయి అనదగ్గది ఒక్కటీ లేదు.

"రాళ్ళేవి?" అన్నాడు బావ నాతో మెల్లగా.

"తీసేటప్పుడు నలిగిపోయినయి బావా" అన్నాను. ఆయన తల ఊపాడు. మందుల సంగతి తెలిసినదాన్ని కదా.

వారం తర్వాత కుట్లు విప్పించుకోవడానికి అంత దూరం పోలేనని యారాలు ఆటో మాట్లాడుకుని నేరుగా మా డాక్టరు దగ్గరికే వచ్చింది. నేను లోపలి గదిలోంచి వచ్చేసరికి ఆయన ఆమె పొట్ట మీది పట్టీ చూసి మండిపడుతున్నారు.

"నెలాగమని చెప్పి పంపితిని గదమ్మా! అవి సూదితోని వచ్చిన రాళ్ళు, వాటంతటవే పోయేటివి. ఏడు సూదులకే నీకు గట్లైతే నేను గూడ పరేషానైన. మీ యారాలు చెప్పలేదా?"

ఏడు అన్న మాట దగ్గర ఆమె తల ఎత్తింది. పొద్దునా సాయంత్రం చెయ్యి చాపింది ఆమే. లెక్క ఆమెకు తెలియకుండా ఎట్లా ఉంటుంది? నా వైపు చూసింది.

"చెప్పింది సార్" అంది. "నేనే ఇనలే. నొప్పికి ఓర్వలేక ఆపరేషన్ చేపిచ్చుకున్న."

"చెప్తే ఇనరు, ఆగమైనంక వస్తరు" అని ఆయన ఆమెను తిట్టారు. ఆమె తల దించుకుని ఆ తిట్లన్నీ తింది. ఆ తర్వాత కుట్లు నేనే విప్పాను. కత్తెర మొన రెండుచోట్ల గుచ్చుకుంది. ఆమె ఒక్కసారి కూడా అబ్బా అనలేదు.

ఆ పూట సెలవు పెట్టి ఆమెతో ఆటోలో ఇంటికి వచ్చాను. హైవే మీదికి వచ్చాక ఆపుకోలేక ఏడ్చేశాను.

"సార్‌కు ఎందుకు చెప్పలేదక్కా?"

ఆమె పొట్ట మీద చెయ్యి అదిమి పట్టుకుని రోడ్డు వైపే చూస్తోంది.

"చెప్తే నీ కొలువు పోతది. పోతే ఇంట్ల కూసుంటవ్. పొద్దంత నీ మొఖం చూసుకుంట బతకాల్నా నేను?"