ఆవు మోకాళ్ళకు అంటిన పొడి

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం చివర ఇంటిల్లిపాదీ మా బూడిద రంగు ఆవు ఎప్పుడు ఈనుతుందా అని కళ్ళు కాయలు కాచేలా చూశాం. తమ్ముడు పుట్టాక మా అమ్మకు జ్వరం తగిలి పాలు ఎండిపోయాయి. పక్కింటి అక్క రోజూ ఒక గ్లాసు మేకపాలు పోసేది గానీ, ఆ మేక కూడా వట్టిపోయేలా ఉంది. ఇక ఆవు ఈనితేనే తమ్ముడికి పాలు. అందులోనూ అది నాటు ఆవు. దూడ వచ్చి పొదుగు కుడిస్తే తప్ప పాలు చేపదు. దూడ లేకపోతే పొదుగు ఎంత నిండుగా ఉన్నా గిన్నెలో చుక్క పడదు.

మాది మార్కాపురం పక్కన ఒక పల్లె. ముందురోజు మంచి జల్లు పడింది. పొద్దున మందతో మేతకు పోయిన ఆవు మధ్యాహ్నానికి ఒంటరిగా తిరిగొచ్చింది. తొట్టిలో మూతి పెట్టి గడగడా నీళ్ళు తాగింది. చూస్తే కడుపు లోపలికి పోయి ఉంది. వెనక దూడ లేదు. ఎక్కడో చాటున ఈని, దూడను దాచిపెట్టి, దాహానికి ఇంటికొచ్చిందన్నమాట. పొద్దు గూకితే ఆ చుట్టుపక్కల కుక్కలూ నక్కలూ తిరుగుతాయి.

మా నాయన అందరూ చేసే పనే చేశాడు. ఆవును వదిలి దాని వెనకాలే నడిచాడు, దూడ దగ్గరికి అదే పోతుందని. కర్రలు పట్టుకుని మా చిన్నాయన కూడా బయలుదేరాడు. ఆ ఆవు ఎంత గడుసుదంటే, వెనక మనుషులు ఉన్నంతసేపూ తనకసలు బిడ్డే లేనట్టు వాగు గట్టున గడ్డి కొరికింది, వేపచెట్టు కింద నిలబడి నెమరేసింది, ఊరి పొలిమేరలన్నీ వాళ్ళకు చూపించి తీరుబడిగా కొట్టానికి వచ్చింది. "ఇంకేం దూడ, కుక్కలు పీక్కతినింటాయిలే" అన్నాడు చిన్నాయన. అది విని మా అమ్మ తమ్ముణ్ణి గుండెకు అదుముకుని గోడ వైపు తిరిగింది. ఏడుపు వినపడకుండా ఏడవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. నాకు చాలా భయం వేసింది.

మా అవ్వ మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆవును కట్టేయించి, దాని ముందు గోనెపట్టా పరిచి నన్ను కూర్చోబెట్టింది.

"నా కండ్లు మసకలు పాపా. నువ్వు చూసి చెప్పు. ఏం కనపడతా ఉంది?"

"ఆవు" అన్నాను.

"ఆవు మీ నాయనకు గూడా కనపడింది. ఇంకా ఏంది?"

తమ్ముడు లోపల గుక్కపట్టి ఏడుస్తుంటే ఈ ముసలమ్మకు ఇదేం ఆట అని ఒళ్ళు మండింది. కానీ అవ్వ మాట దాటే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. మూతి ముడుచుకునే చూడడం మొదలుపెట్టాను. కంటి కింద తడి చార ఉంది, ఈగలు అక్కడే వాలుతున్నాయి. ఒక కంటి రెప్పవెంట్రుకలు నల్లగా, రెండో కంటివి తెల్లగా ఉన్నాయి. రోజూ గడ్డి వేసేదాన్ని, ఆ సంగతి నాకు తెలియనే తెలియదు. చూసేకొద్దీ కోపం ఎటుపోయిందో పోయింది. కిందికి వస్తే ముందు మోకాళ్ళ దగ్గర వెంట్రుకలు అంటుకుపోయి, బూడిద రంగు పొడి పేస్టులాగా ఎండి ఉంది. మా నేలలన్నీ ఎర్రనేలలు. ఈ రంగు నేను ఇంకోచోట చూశాను. రాతిపలకలు కోసే పనికి పోయి వచ్చిన రోజుల్లో మా అమ్మ పాదాలకు ఉండేది ఇదే.

"అమ్మ కాళ్ళకు ఉంటాదే, అది" అన్నాను.

అవ్వ ఆ పొడిని వేలితో గీకి, నలిపి చూసి, "పాత గని" అంది. పలకరాయి తవ్వడం ఎప్పుడో ఆపేసిన గుంట అది. పాముల భయానికి ఎవరూ అటు పోరు, అందుకే దూడను దాచడానికి ఆవుకు అదే అనువు. ఆవు అక్కడ మోకాళ్ళు ఆనించి పడుకుందన్నమాట.

ఈసారి ఆవును కట్టుకొయ్యకే కట్టి ఉంచి నాయన, అవ్వ, నేను పోయాం. గని నిండా పనికిరాని పలకముక్కల కుప్పలే. అంతా ఒకటే బూడిద రంగు. నాయన కర్రతో కుప్పలు కదిలించబోతే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"దూడను ఎతకబాకండి. ఊరకే కూర్చోని, ఏది కదలతాదో చూడండి."

కూర్చున్నాం. పొద్దు వాలుతోంది. పలక అంటే నలుపే అనుకునేదాన్ని. వానకు తడిసిన ఆ ముక్కల్లో ఒకటి నీలంగా, ఒకటి పచ్చగా, ఒకటి వంకాయ రంగులో ఉన్నాయి. వాటినే చూస్తూ ఉండగా ఒక పలకముక్క ఈగను తోలుకుంది. అది చెవి. చెవి కనపడ్డాక మెడ, మెడ తర్వాత కన్ను, చూస్తుండగానే మొత్తం దూడ అక్కడ తయారైంది. నాయన దాన్ని చేతుల్లోకి తీసుకుని ఆ రాళ్ళ మీదే చతికిలబడ్డాడు. నవ్వుతున్నాడు, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. దాని గిట్టల కొనలు పసుపుపచ్చగా, కొబ్బరి మీగడంత మెత్తగా ఉన్నాయి. నేల మీద ఇంకా సరిగా నడవని కాళ్ళు అట్లాగే ఉంటాయని అవ్వ చెప్పింది.

ఇంటికి తెచ్చి తల్లి ముందు వదలగానే ఆవు గొంతు లోపల్నుంచి సన్నగా ఒక మూలుగు మూలిగి దాన్ని నాకడం మొదలుపెట్టింది. దూడ కుడిచింది, ఆవు చేపింది. జున్నుపాల రోజులు గడిచాక తమ్ముడు కడుపునిండా తాగి నిద్రపోతే ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. ఆ తమ్ముడికి ఇప్పుడు మనవలు.

దూడ దొరికిన ఆ సాయంత్రం నుంచి అవ్వ నన్ను రోజూ అన్నం దగ్గర ఒకటే అడిగేది, "ఈ పొద్దు ఏం చూసినావు?" అని. ఏమీ లేదంటే ఊరుకునేది కాదు, కండ్లు ఎవరికన్నా అరువిచ్చినావా అని దెప్పేది. చనిపోయేదాకా అడిగింది. ఇప్పుడు అడిగేవాళ్ళు ఎవరూ లేరు. అయినా కంచం ముందు కూర్చుంటే నా మనసు జవాబు వెతుక్కుంటుంది. ఇవాళ కుళాయి కింద కందిరీగ ఒకటి తడిమట్టిని తన తలకంటే పెద్ద ఉండ చేసింది, ఎత్తలేక వదిలేసింది, మళ్ళీ కొంచెం చిన్నది చేసుకుని ఎగిరిపోయింది. అది చూసినాను అవ్వా.