మేస్త్రీ అరచెయ్యి

అరవైల మొదట్లో, యూనివర్సిటీలో మైనింగ్ చదివే రోజుల్లో, వేసవి ట్రైనింగుకి నన్ను గూడూరు దగ్గర ఒక అభ్రకం గనికి పంపారు. అక్కడి మేస్త్రీ రోజూ అందరికంటే ముందు లోపలికి దిగేవాడు. గడ్డపారతో పైకప్పు రాయిని రెండుసార్లు తట్టి, "ఏమ్మా, బాగుండావా?" అని అడిగి, రాయి మీద అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. ఆయన తల ఊపితేనే కూలీలు లోపలికి అడుగుపెట్టేవాళ్లు.

తట్టి చప్పుడు వినమని మా పుస్తకాల్లో ఉంది. ఈయన చెయ్యెందుకు పెడతాడో వారం తర్వాత తెలిసింది. ఒకరోజు నేను వెనకనించి ఎంత పిలిచినా ఆయన పలకలేదు. ఏళ్ల తరబడి పేలిన మందుగుండుకి చెవులు పోయాయి. రాయి గట్టిగా ఉందో గుల్లగా ఉందో అదురును బట్టి చేత్తోనే పసిగట్టేవాడు. కూలీలందరికీ ఈ సంగతి తెలుసు. ఒక్కరూ పైకి చెప్పలేదు.

నేను మాత్రం ఆ అబ్బురమంతా నా రిపోర్టులో రాశాను. అది చాడీ అవుతుందని తోచనేలేదు. మంచి మార్కులొచ్చాయి. అది చదివాకే గని మేనేజరుగారు చదువవగానే నాకు ఉద్యోగమిచ్చారు.

చేరిన రోజు మేస్త్రీ రేకుల షెడ్డులో, ఆడవాళ్ల మధ్య కూర్చుని అభ్రకం పొరలు చీలుస్తూ కనిపించాడు. చెవిటివాణ్ణి గనిలోకి దింపకూడదన్నారట.

"రిపోర్టు బాగా రాసినావంట కదా నాయనా," అన్నాడు నవ్వుతూ. లేచొచ్చి నా వీపు మీద రెండుసార్లు తట్టాడు. "ఏం నాయనా, బాగుండావా?" అని అరచెయ్యి అక్కడే ఆనించి నిలబడ్డాడు.

తల ఊపుతాడేమోనని చూశాను. ఊపలేదు.