కొలతల పుస్తకంలో కథ

మా టైలరు మావ పోయిన కబురు వీధిలో అందరికంటే ముందు నాకే తెలిసింది. అదే చిక్కయిపోయింది. పొద్దున్నే ఆయన భార్య ఫోను చేసింది. నేను అత్తా అని పిలుస్తాను. "మీ మావ నిద్దర్లోనే ఎల్పోయినాడురా. వీధిలో అందరికీ నువ్వే సెప్పు" అంది.

నేను టీ కొట్టు దగ్గరికెళ్లి చెప్పాను. టీ కొట్టామె గిన్నెలోంచి గరిటె తియ్యకుండానే "సీ, ఇలాటివాటి మీద కూడా యేళాకోళమేటిరా నీకు" అంది. పక్కన కిళ్లీ కొట్టాయన నవ్వాడు. మందుల షాపాయనైతే "నిన్న సాయంత్రం నా పేంటు సేతిలో ఎట్టినాడు, పోరా పో" అన్నాడు. ఒట్టు పెట్టాను. ఒట్టు పెట్టేసరికి ఉన్న కాస్త నమ్మకం కూడా పోయింది వాళ్లకి. ఆఖరికి టీ కొట్టామే నా ముఖంలోకి ఒకసారి సరిగ్గా చూసి, స్టవ్వు ఆపేసింది.

తప్పు వాళ్లది కాదు. ఇరవయ్యేళ్లుగా ఆ వీధికి నేను చెప్పిన అబద్ధాలు కుప్ప పోస్తే రామతీర్థం కొండంత ఉంటుంది. అందులో సగం టైలరు మావ మీద చెప్పినవే.

ఆయన నాకు చుట్టం కాడు, వరస అంతే. గజపతినగరం బజారులో నా మోటారు వైండింగు షాపుకీ ఆయన షాపుకీ మధ్య ఒక్కటే గోడ. కరెంటు పోయిందంటే నాకు పని ఉండదు. ఆయనది కాలితో తొక్కే మిషను, ఆయన పని ఆగదు. అందుకని కరెంటు పోయినప్పుడల్లా వెళ్లి ఆయన పని చెడగొట్టేవాణ్ణి. కత్తెర దాచేవాణ్ణి. మిషను బెల్టు విప్పేసేవాణ్ణి. కొలతలకొచ్చిన పెద్దమనుషుల వీపు మీద సుద్దతో ఇంటూ గీసి పంపేవాణ్ణి. ఆయన ఒక్కసారి కూడా తిట్టలేదు. కళ్లజోడు మీంచి చూసి, "అయిపోయినాదా? ఇంక ఇచ్చీ" అని చెయ్యి చాచేవాడు. అంతే. నేను ఇచ్చేసేవాణ్ణి.

కొలత తీస్తున్నప్పుడు ఎవరైనా పొట్ట లోపలికి పీల్చుకుంటే మాత్రం ఊరుకునేవాడు కాదు. "నా ముందర ఊపిరి బిగబడితే నాకేటి నష్టం? రేపు బొత్తాం ఎట్టుకున్నప్పుడు నువ్వే సస్తావు" అనేవాడు. బట్ట కుట్టి ఇచ్చేముందు కాలరు లోపల చిటికెడు పసుపు తనే పెట్టేవాడు. ఇంటికెళ్లి వాళ్లు పెట్టుకుంటారు కదా మావా అంటే, "మర్సిపోతార్రా. నాకెందుకా అనుమానం" అనేవాడు.

ఆయనకో పిచ్చి ఉండేది. గ్రహాలు, రాకెట్లు, వేరే లోకాలనుంచి వచ్చే మనుషులు. చిన్నప్పుడు అద్దె పుస్తకాల్లో పట్టుకున్న పిచ్చి అరవై దాటినా వదల్లేదు. జాకెట్ల కోసం వచ్చి కూర్చున్న ఆడవాళ్లకి శని గ్రహం చుట్టూ వలయాలెందుకున్నాయో చెప్పేవాడు. వాళ్లు "అలగా బాబూ, మా హుక్కులు కుట్టినావా" అనేవాళ్లు. నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు గాని, ఆ నవ్వు మూతి వరకే.

ఆయన దగ్గర కొలతల పుస్తకం ఉండేది. జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు, గళ్ల అట్ట. ఎడమ పేజీలో మన కొలతలు. కుడి పేజీలో ఆయన కథ. అవును, కథ రాశాడు మావ. ఎన్నేళ్లు రాశాడో నాకు తెలీదు. ఒక పేజీలో ఛాతీ ముప్పై ఎనిమిది, చెయ్యి ఇరవై నాలుగు, పక్క పేజీలో చంద్రుడు.

ఆ కథలో ఒక టైలరు దగ్గరికి మూడు చేతులున్న మనిషి వస్తాడు. టైలరు ఏ ఊరని అడగడు, ఇన్ని చేతులెందుకని అడగడు, ఎప్పటికి కావాలని మాత్రం అడుగుతాడు. నలభై ఏళ్ల తరవాత వస్తానని వెళ్లిపోతాడు ఆ మనిషి. ఈలోగా అతను లావెక్కుతాడేమోనని టైలరు కుట్టు లోపల గుడ్డ వదిలి, చొక్కా కుట్టి దండేనికి తగిలించి ఎదురు చూస్తుంటాడు. రాస్తూ పైకి చదువుకుంటుంటే విని, ఇంతవరకే నాకు తెలుసు. తరవాతేమైందో గోడ అవతల్నుంచి నాకు వినపడలేదు. అడిగితే, "ఒకరికి సెప్తే కబురురా. నిలబడి నలుగురికి సదివితే కథ" అన్నాడు.

ఒకరోజు నా ఫోనులోకి ఒక పోస్టరు వచ్చింది. హైదరాబాదులో ఇలాంటి కథల పిచ్చివాళ్లంతా కలిసే పెద్ద సభ, రెండు రోజులు. వేలమంది వస్తారట. ఏడిపించొచ్చని పట్టుకెళ్లి చూపించాను.

"మావా, నీ వాళ్ల సంత జరుగుతాదట, సూడు."

మావ మిషను ఆపాడు. పోస్టరు అంతా చదివాడు. కింద చిన్న అక్షరాల్లో, ఎవరైనా సరే ఏ భాషలోనైనా సరే తమ కథ అయిదు నిమిషాలు చదవొచ్చని ఉంది. అక్కడ వేలు పెట్టి మళ్లీ చదివాడు.

"ఒరే అల్లుడా, అక్కడోళ్లు నవ్వుతారేటిరా?"

"నవ్వరు మావా. అక్కడందరూ నీలాటోళ్లే."

నేను అన్న ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. అంతవరకూ నిజమే చెప్పాను. ఆ పైనే నా బుద్ధి ఊరుకోలేదు. వేషం కట్టుకుంటేనే లోపలికి రానిస్తారని అబద్ధం చెప్పాను. మావ మూడు వారాలు జాకెట్లన్నీ పక్కన పడేసి, కారు మీద కప్పే వెండిరంగు గుడ్డతో మా ఇద్దరికీ రెండు అంతరిక్షం సూట్లు కుట్టాడు. నాది కావాలనే ఇంట్లో వదిలేసి మావతో రైలెక్కాను. హాలు ముందు ఆయనొక్కడే వెండి బొమ్మలా నిలబడితే చూసి నవ్వాలని నా సరదా.

అక్కడికెళ్లి చూస్తే ఏముంది, గేటు దగ్గర సగం మంది వేషాల్లోనే ఉన్నారు. నీలం ముఖాలు, గాడిద చెవులు, అట్టముక్కల తుపాకులు. మామూలు చొక్కాలో నేనే వింతగా ఉన్నాను. మావ చుట్టూ పిల్లలు మూగారు. ఫోటోలే ఫోటోలు. ముఖానికి ఆకుపచ్చ రంగు పూసుకున్న ఒక కుర్రాడు ఆయన కాలరు చూసి, "అంకుల్, ఈ పసుపు మార్కు ఏ గ్రహానిది?" అని అడిగాడు.

"మార్కు కాదు బాబూ. కొత్తబట్ట కదా, పసుపెట్టకుండా ఎలగేసుకుంతాం?"

ఆ కుర్రాడికి అది ఎంత నచ్చిందో! "మీ గ్రహంలో ఇది ఆచారమా" అని పదిమందిని పిలుచుకొచ్చాడు. ఒకమ్మాయి తనకీ పెట్టమంది. మావ సంచిలోంచి పచ్చ సుద్దముక్క తీసి, ఆ పిల్ల కాలరు మీద చిన్న చుక్క పెట్టాడు. తరవాత లైను కట్టారు. మధ్యాహ్నానికి ఆ హాల్లో ఎటు చూసినా పచ్చ చుక్కలే.

నాకు కన్ను కుట్టింది. దాచడమెందుకు. మా బజారులో నేనొస్తే నవ్వులు, మావ వస్తే చొక్కాల మాటలు. ఇక్కడ తిరగబడిపోయింది. నేను రెండు జోకులేశాను, ఒకడు మర్యాదకి నవ్వాడు, రెండోవాడు ఇంగ్లీషులో ఏదో అడిగాడు. పదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ణి, ఏం చెప్తాను? మంచినీళ్ల కోసం మావ లేచి, సంచి చూడమని నాకిచ్చాడు. నేను కొలతల పుస్తకం తీసి నా చొక్కా కింద ఎడమ పక్క నడుముకి దోపుకున్నాను. చదవడానికి పిలిచేముందు కాస్త కంగారు పడితే, అప్పుడు చెయ్యి చాస్తాడు, ఇచ్చేద్దాం అనుకున్నాను. ఎప్పుడూ చేసేదే కదా.

ఆయన తిరిగొచ్చాక సంచి ఇచ్చేసి, రోబో దగ్గర ఫోటో దిగుదామని అటు పోయాను. ముందున్న ముగ్గురు రాలేదట. మావ పేరు అప్పుడే పిలిచేశారు. నేను హాలు వెనక తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆయన స్టేజీ మీద ఉన్నాడు, వెండి సూటులో, మైకు ముందర.

సంచిలో చెయ్యి పెట్టాడు. టేపు వచ్చింది. బల్ల మీద పెట్టాడు. సుద్ద వచ్చింది. అత్త కట్టిచ్చిన టిఫిను డబ్బా వచ్చింది. తువ్వాలు తీసి విప్పి దులిపాడు. జనానికి అదొక ఆట అనిపించింది. అంతరిక్షం మనిషి సంచిలోంచి భూలోకం సామాన్లు తీస్తున్నాడనుకున్నారు. హాలంతా గొల్లున నవ్వింది.

పరుగెత్తి ఇవ్వొచ్చు. "మావా, నా దగ్గరున్నాది" అని అరవొచ్చు. అరవలేదు. ఎందుకంటే ఆ తువ్వాలు దులిపినప్పుడు ముందు నవ్విందే నేను. నవ్వు నోట్లో ఉండగా అరుపు ఎలా వస్తుంది?

మావ సంచి తిరగేసి అడుగు చూశాడు. తల ఎత్తి జనంలోకి చూశాడు, వెతుకుతున్నట్టు. అయిదు నిమిషాల గంట కొట్టారు. సామానంతా ఒక్కొక్కటీ మళ్లీ సంచిలో సర్దుకుని, రెండు చేతులెత్తి దండం పెట్టి దిగిపోయాడు. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎవరో కుర్రాడు వచ్చి "సూపర్ యాక్ట్ అంకుల్" అని చెయ్యి పట్టుకుని ఊపాడు.

"ఏటంతన్నాడురా?" అన్నాడు మావ.

"బాగుందంతన్నాడు మావా."

"సదవనేదు గదా నాను" అన్నాడు.

అప్పుడైనా ఇచ్చెయ్యాలి. సభ వాళ్ల కాళ్లు పట్టుకుంటే ఇంకో అయిదు నిమిషాలు ఇచ్చేవాళ్లు. కాని ఇస్తే నేను దొరికిపోతాను. ఇన్నేళ్లలో దొరికిపోవడానికి నేను భయపడింది అదొక్కసారే.

మర్నాడు తిరుగు రైల్లో, తుని దాటాక పుస్తకం తువ్వాలు మడతలో పెట్టి, "మావా, ఇదిగో, ఇందులోనే ఉండిపోయినాది" అన్నాను. మావ పుస్తకం కేసి చూశాడు, తువ్వాలు కేసి చూశాడు.

"తువ్వాలు ఇప్పి దులిపేను గదరా" అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. కాసేపటికి ఆయనే, "కంగార్లో సూసుండనులే" అన్నాడు. పుస్తకం తీసి సంచిలో పెట్టుకున్నాడు. చెయ్యి చాచలేదు. అయిపోయినాదా అని అడగలేదు. అడిగుంటే ఏడ్చి చెప్పేసేవాణ్ణి.

రెండు నెలల తరవాత నాకో చొక్కా కుట్టి ఇచ్చాడు, నేనడక్కుండానే. బూడిదరంగు. లోపల ఎడమ పక్కన ఒక జేబు, ఇంత పొడుగు.

"ఇదేటి మావా, ఇందులో తొండని పెంచొచ్చు."

"ఉండనీరా. నీకు దాసుకోడాలెక్కువ" అన్నాడు, సూదిలో దారం ఎక్కిస్తూ.

మా ఆవిడకి కనపడకుండా చుట్టలు దాచుకోవడానికి అనుకున్నాను. చుట్టలే దాచాను. అందులో పెడితే అడుక్కి జారిపోయి, తీసుకోడానికి మణికట్టు దాకా పెట్టాల్సొచ్చేది. ఆయన కొలత తప్పడమేమిటని టీ కొట్టు దగ్గర నవ్వాను కూడా.

మరుసటేడు ఆ సభ పోస్టరు మళ్లీ వచ్చింది. పట్టుకెళ్లాను. ఈసారి ఏడిపించడానికి కాదు. "ఎల్దామా మావా, సదువుదువుగాని" అన్నాను. కళ్లకి శుక్లాలు ముదిరాయప్పటికి, కుట్టుపని చేతి అలవాటుతో నడిచిపోతోంది. "నా అచ్చరాలు నాకే అవుపడ్డంలేదురా, సూద్దాంలే" అన్నాడు. నేను చదువుతాను, నువ్వు పక్కన నిలబడు అనాల్సింది. నాలుక చివరి దాకా వచ్చింది. నువ్వా, అని కళ్లజోడు మీంచి చూస్తాడేమోనని ఊరుకున్నాను. ఇంకో ఏడు ఉందిలే అనుకున్నాను.

మావ పోయిన పదకొండో రోజు, షాపుల ముందు వేసిన పందిట్లో మొదటి బంతి లేచాక అత్త పిలిచింది. చేతిలో గళ్ల అట్ట పుస్తకం.

"ఇది నీకే ఇమ్మన్నాడ్రా. ఆడి దగ్గర సోటున్నాది అన్నాడు. ఏటో ఆ మాట, నాకు తెలిసింది కాదు."

నాకూ తెలియలేదు. అప్పుడే ఎవరో నా రెండు చేతుల్లో విస్తళ్ల కట్ట పెట్టబోతే, పుస్తకం ఎక్కడ పెట్టాలో తోచక చొక్కా లోపలి జేబులో దోపాను. ఆ రోజు వేసుకున్నది బూడిదరంగు చొక్కా.

పుస్తకం లోపలికి జారి ఆగింది. పైన మిగల్లేదు, కింద మిగల్లేదు. పక్కన వేలు పెడదామంటే సందు లేదు. ఎడమ పక్కన, హైదరాబాదులో నేను దోపుకున్న చోటే.

విస్తళ్లు తీసుకోరా అని ఎవరో అంటున్నారు. చొక్కా మీంచి ఆ అట్ట అంచు పట్టుకుని, సగం దించిన మావ షాపు షట్టరు ముందు అలాగే నిలబడిపోయాను. లోపల చీకట్లో మిషను పక్కన దండేనికి, మావ వెండి సూటు ఇంకా తగిలించే ఉంది.